ఐదు కోట్లూ, వంద రూపాయలూ



మన ఊళ్ళల్లో ఎంపీ అనగానే నోటికొచ్చే మాట నిధులు. ‘ఎంపీ నిధులతో నిర్మించబడినది’ అని శిలాఫలకం తగిలించిన కమ్యూనిటీ హాలో, బస్ షెల్టరో, బడి గదో లేని మండలం ఉండదేమో. ఎన్నికలొస్తే లెక్క అడిగేదీ దాని గురించే. ఐదేళ్ళలో ఎంత తెచ్చావు, మా ఊరికి ఎంత ఇచ్చావు? అడగడంలో తప్పేమీ లేదు. కాకపోతే మనం అడుగుతున్న లెక్క చాలా చిన్నది. ఎంత చిన్నదో ముందు చూద్దాం.

ఒక ఎంపీకి ఏడాదికి ఐదు కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 25 లోక్‌సభ స్థానాలు, 175 అసెంబ్లీ స్థానాలు. తెలంగాణలో 17, 119. ఎటు చూసినా ఒక ఎంపీ కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. ఐదు కోట్లను ఏడుతో భాగిస్తే ఒక్కోదానికి 71 లక్షలు. లోక్‌సభ నియోజకవర్గంలో ఓటర్లు సాధారణంగా పదిహేను, పదహారు లక్షల దాకా ఉంటారు కనుక తలకు సుమారు ముప్ఫై రూపాయలు, ఏడాది మొత్తానికి. ఊళ్ళో ఇద్దరు టీ తాగితే అయిపోయే డబ్బు. ఇప్పుడు దేశం మొత్తం తీసుకోండి. లోక్‌సభలో 543, రాజ్యసభలో 245 మంది. అందరి నిధులూ కలిపితే 3,940 కోట్లు. 2025-26 కేంద్ర బడ్జెట్ యాభై లక్షల కోట్ల పైచిలుకు. అంటే కేంద్రం ఖర్చు పెట్టే ప్రతి వెయ్యి రూపాయల్లో ఎంపీల నిధుల వాటా 78 పైసలు. మనం ఎంపీలను నిలదీసేది ఈ 78 పైసల గురించి. మిగతా 999 రూపాయల 22 పైసల సంగతి అడిగేవారు తక్కువ. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ మిగతా డబ్బు గురించే. అయినా ముందు ఆ ఐదు కోట్ల కథ చెప్పేస్తాను, అది మనకు దగ్గరి కథ కనుక.

ఎంపీ నిధుల పథకాన్ని 1993 డిసెంబరు 23న పార్లమెంటులో ప్రకటించింది పి.వి. నరసింహారావు. అప్పుడాయన నంద్యాల ఎంపీ, ప్రధానమంత్రి. మైనారిటీ ప్రభుత్వాన్ని నెట్టుకొస్తున్న రోజులు. మొదటి ఏడాది ఎంపీకి ఐదు లక్షలే. మరుసటి ఏడాది కోటి, 1998-99 నుంచి రెండు కోట్లు, 2011-12 నుంచి ఐదు కోట్లు. అప్పటి నుంచి అక్కడే ఆగింది. ఈలోగా సిమెంటు, ఇనుము, కూలి ధరలు ఎక్కడికి వెళ్ళాయో ఇల్లు కట్టినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. కోవిడ్ వచ్చినప్పుడు 2020 ఏప్రిల్‌లో దీన్ని రెండేళ్ళు నిలిపేసి, సుమారు 7,900 కోట్లను కేంద్ర ఖజానాలో కలుపుతామన్నారు. 2021 నవంబరులో మళ్ళీ మొదలుపెట్టారు.

చాలామంది అనుకునేట్టు ఈ డబ్బు ఎంపీ చేతికి రాదు, ఒక్క రూపాయి కూడా. ఎంపీ చేసేది సిఫారసు. ఆ ఉత్తరం కలెక్టరుకు వెళ్తుంది. ఇంజనీర్లు ఎస్టిమేటు వేస్తారు, పరిపాలనా అనుమతి ఇస్తారు, పని జరుగుతుంది, కొలతలు ఎం-బుక్కులో ఎక్కుతాయి, బిల్లు చెల్లిస్తారు, చివర్లో యూసీ పంపాలి, అంటే డబ్బు ఖర్చయిందన్న ధ్రువపత్రం. ఈ వరసలో ఏ మెట్టు దగ్గర ఆగినా జనం తిట్టేది ఎంపీనే. 2023 ఏప్రిల్ నుంచి ఈ తతంగమంతా ఈ-సాక్షి అనే పోర్టల్‌లోకి మారింది. ఏ పని సిఫారసు చేశారు, ఏది మంజూరైంది అన్నది ఎవరైనా చూడొచ్చు.

నిబంధనలు చాలానే ఉన్నాయి. 15 శాతం ఎస్సీలు ఉండే ప్రాంతాల్లో, ఏడున్నర శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాల్లో ఖర్చు కావాలి. గుడి, మసీదు, చర్చి ఆవరణలో పని కుదరదు. స్థలం కొనడం కుదరదు. కట్టిన దానికి ఎవరి పేరూ పెట్టకూడదు, బతికున్నవారిదైనా పోయినవారిదైనా. శిలాఫలకం మీద ఎంపీ పేరుండొచ్చు. మన దగ్గర జరిగే రభస అంతా ఆ పలక చుట్టూనే కదా! లోక్‌సభ సభ్యుడు తన నియోజకవర్గంలో, రాజ్యసభ సభ్యుడు తనను ఎన్నుకున్న రాష్ట్రంలో, నామినేటెడ్ సభ్యుడు దేశంలో ఎక్కడైనా పనులు చేయించొచ్చు. నెల్లూరు జిల్లా పుట్టంరాజువారి కండ్రిగకు సచిన్ టెండూల్కర్ రాగలిగింది అందుకే. నామినేటెడ్ సభ్యుడిగా 2014 నవంబరులో ఆయన ఆ ఊరిని ఆదర్శ గ్రామంగా దత్తత తీసుకున్నారు. ఎంపీలు ఊళ్ళను దత్తత తీసుకునే ఈ ఆదర్శ గ్రామ పథకానికి విడిగా పైసా కేటాయింపు లేదు. ఉన్న పథకాల డబ్బునే ఒక ఊరి మీదికి మళ్ళించాలి. దానికి ఎంపీ నిధులు తోడయ్యాయి, అందరికీ తెలిసిన పేరు తోడైంది. అదే సూత్రంతో దత్తత తీసుకున్న మిగతా ఊళ్ళకు అలాంటి పేరు లేదు.

ఎంపీ నిధుల పథకాన్ని ఎత్తేయమన్నవాళ్ళూ ఉన్నారు. రాజ్యాంగం పనితీరును సమీక్షించిన వెంకటాచలయ్య కమిషన్ 2002లో వద్దంది. వీరప్ప మొయిలీ నాయకత్వంలోని రెండో పరిపాలనా సంస్కరణల కమిషన్ 2007లో వద్దంది. చట్టాలు చేసి ప్రభుత్వాన్ని అదుపులో పెట్టాల్సిన మనిషి తానే పనులు పంచే మనిషి అయితే, ఇక ఎవరు ఎవరిని అడుగుతారన్నది వాళ్ళ ప్రశ్న. 2010 మే నెలలో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ పథకం రాజ్యాంగబద్ధమేనని తేల్చింది. చట్టపరంగా వివాదం అక్కడితో సరి. నాకు మాత్రం మొయిలీ కమిషన్ అడిగిన ప్రశ్న ఇంకా బతికే ఉందనిపిస్తుంది. పథకం చెడ్డదని కాదు. ముప్ఫై ఏళ్ళలో అది ఎంపీ అంటే ఏమిటో జనం మరచిపోయేలా చేసింది.

మరి ఎంపీ అసలు పని ఏమిటి? పెద్ద డబ్బు దగ్గర కాపలా. కేంద్రం ఏ శాఖకు ఎంత ఖర్చు పెట్టాలన్నా లోక్‌సభ ఓటు వేయాలి. వీటిని గ్రాంట్ల డిమాండ్లు అంటారు. రాజ్యసభ చర్చించగలదు, ఓటు వేయలేదు. రాజ్యాంగం 113వ అధికరణ ఇక్కడ ఒక విచిత్రమైన ఏర్పాటు చేసింది. సభ ఆ డిమాండును ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచలేదు. మా ఊరికి ఇంకో కోటి కలపండని ఏ ఎంపీ సవరణ పెట్టలేడు. కోత మాత్రం పెట్టగలడు.

ఆ కోతల్లో మూడు రకాలున్నాయి. ఒక శాఖ విధానమే తప్పనుకుంటే, ఆ డిమాండును ఒక్క రూపాయికి తగ్గించమనొచ్చు. దుబారా అనుకుంటే ఫలానా మొత్తం తగ్గించమనొచ్చు. మూడోది నాకు చాలా ఇష్టమైనది, వంద రూపాయల కోత. వేల కోట్ల డిమాండులోంచి వంద రూపాయలు తగ్గించమని ఎంపీ నోటీసు ఇస్తాడు. ఎందుకంటే ఆ వంద పక్కన ఒక నిర్దిష్టమైన ఫిర్యాదు రాస్తాడు. ఫలానా రైల్వే గేటు దగ్గర వంతెన కట్టకపోవడం గురించో, ఫలానా పంటకు ధర లేకపోవడం గురించో. అదంతా పార్లమెంటు కాగితాల్లో అచ్చవుతుంది. కోత నెగ్గదు, నెగ్గుతుందని ఎవరూ అనుకోరు. అడిగింది మాత్రం రికార్డులో ఉండిపోతుంది. పల్లెటూరి కష్టాన్ని దేశ బడ్జెట్‌లోకి ఎక్కించడానికి మన రాజ్యాంగ సంప్రదాయం కట్టిన ధర వంద రూపాయలు. మీ ఎంపీ ఈ ఏడాది ఎన్ని కోత తీర్మానాలకు నోటీసులు ఇచ్చారో మీలో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?

అడిగినా జవాబు నిరుత్సాహంగానే ఉండొచ్చు. డిమాండ్లు చాలా, రోజులు తక్కువ. నాలుగైదు శాఖల మీద చర్చ జరిగితే గొప్ప. గడువు రోజున మిగతావన్నీ కట్టగట్టి చర్చ లేకుండా ఓటుకు పెట్టేస్తారు. దానికి గిలెటిన్ అని పేరు. 2018 మార్చి 14న అయితే ఏ శాఖ మీదా చర్చ లేకుండా, అన్ని మంత్రిత్వ శాఖల డిమాండ్లూ ఆర్థిక బిల్లూ అరగంటలో అయిపోయాయి. సభలో అప్పుడు పెద్ద గోల. ఆ గోలలో ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోసం అరుస్తున్న మన ఎంపీల గొంతులూ ఉన్నాయి. హోదా అడగడం తప్పని నేననను. సభ నడపాల్సిన బాధ్యత ఎవరిదన్నదీ ఇప్పుడు తేల్చబోను. కానీ మన డబ్బు గురించి మనకోసం మాట్లాడాల్సిన రోజు అలా పోయింది.

చర్చకు అవకాశం లేకపోయినా మిగిలే దారులున్నాయి. ఒకటి స్థాయీ సంఘాలు. 1993లో పదిహేడుతో మొదలై ఇప్పుడు ఇరవై నాలుగయ్యాయి. ఒక్కోదాంట్లో లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10 మంది. బడ్జెట్ పెట్టాక సభకు విరామం ఇచ్చి, ఆ రోజుల్లో ఈ సంఘాలు శాఖల డిమాండ్లను విప్పి చూస్తాయి, కార్యదర్శులను పిలిచి అడుగుతాయి. తలుపులు మూసుకుని కూర్చుంటారు కనుక అక్కడ కెమెరా లేదు. కెమెరా లేదు కనుక అరుపులు తక్కువ, పని ఎక్కువ. మీ ఎంపీ ఏ సంఘంలో ఉన్నారో తెలుసుకోవడం మీకు ఉపయోగం. రైల్వే సంఘంలో ఉన్న ఎంపీకి రైలు సంగతి, వ్యవసాయ సంఘంలో ఉన్న ఎంపీకి పంట సంగతి చెబితే ఆ మాట నేరుగా ఆ శాఖ కార్యదర్శి ముందుకు వెళ్ళే అవకాశం ఉంది.

రెండోది ప్రశ్న. లోక్‌సభలో రోజుకు ఇరవై నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 రాతపూర్వక ప్రశ్నలు. మంత్రి నోటితో జవాబు చెప్పేవి ఆ ఇరవైలో సాధారణంగా ఐదారు దాటవు. మిగిలినవన్నీ కాగితం మీద వస్తాయి. కాగితం జవాబును తేలిగ్గా తీసుకోకండి. ‘ఫలానా పనికి ఎంత మంజూరు చేశారు, ఎంత ఖర్చయింది, ఎప్పటికి పూర్తవుతుంది’ అని సూటిగా అడిగితే మంత్రి అంకెలతో జవాబివ్వక తప్పదు. సభకు తప్పుడు జవాబిస్తే అది సభాహక్కుల సమస్య అవుతుంది కనుక అధికారులు కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మంత్రి జవాబులో ‘పరిశీలిస్తున్నాం’, ‘సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం’ అన్నాడనుకోండి, మనం తప్పించుకున్నాడు అనుకుంటాం. పార్లమెంటు అలా వదలదు. దాన్ని హామీగా రాసుకుంటుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చకపోతే ప్రభుత్వ హామీల కమిటీ ఆ శాఖను పిలిచి అడుగుతుంది. 1953 నుంచీ ఉన్న కమిటీ ఇది.

ఇవన్నీ పుస్తకంలో మాటలు, వీటితో ఊళ్ళో ఏం జరుగుతుంది అంటారా? కోనసీమకు వెళ్దాం.

కాకినాడ నుంచి కోటిపల్లికి పూర్వం రైలుండేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. పోయిన పట్టాలు అరవై ఏళ్ళు తిరిగి రాలేదు. అమలాపురం ఎంపీగా, 1998 నుంచి లోక్‌సభ స్పీకరుగా ఉన్న జి.ఎం.సి. బాలయోగి ఈ రైలు కోసం పట్టుబట్టారు. స్పీకరు సభలో ప్రశ్న అడగరు. కానీ స్పీకరు అడిగితే కాదనే రైల్వే మంత్రి ఉండడం కష్టం. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నర్సాపురానికి 57 కిలోమీటర్ల కొత్త లైను 2000-01 రైల్వే బడ్జెట్‌లో చేరింది. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో బాలయోగి పోయారు. కాకినాడ, కోటిపల్లి మధ్య పట్టాలు మళ్ళీ వేసి 2004లో రైలు నడిపారు. కోటిపల్లి దాటితే గౌతమి. ఆ తర్వాత వైనతేయ, వశిష్ఠ. మూడు గోదావరి పాయల మీద మూడు పెద్ద వంతెనలు కట్టాలి. ఆ మధ్య రాష్ట్రం 25 శాతం ఖర్చు భరించాలన్న షరతు వచ్చింది. రాష్ట్రం ఇవ్వలేదని కేంద్రం, కేంద్రం వేసిన డబ్బు చాలదని రాష్ట్రం. 57 కిలోమీటర్లకు పాతికేళ్ళు దాటాయి. రైలు ఇంకా నర్సాపురం చేరలేదు. 2024లో అమలాపురం నుంచి గెలిచింది బాలయోగి కుమారుడు హరీష్ మాధుర్. తండ్రి మొదలుపెట్టిన అర్జీ కొడుకు చేతికి వచ్చింది.

దీన్ని చూసి ఎంపీలు ఏం సాధించారని విసుక్కోవచ్చు. నేను మరోలా చూస్తాను. రైల్వే ప్రాజెక్టులకు పింక్ బుక్ అని ఒకటుంటుంది. ఏ లైనుకు ఈ ఏడాది ఎంత అన్నది అందులో ఉంటుంది. 2017 నుంచి రైల్వే బడ్జెట్ విడిగా లేదు కనుక మంత్రి ప్రసంగంలో మన ఊరి పేరు వినబడే రోజులు పోయాయి. ఇప్పుడు చూడాల్సింది ఆ పుస్తకమే. కొన్ని లైన్ల ఎదురుగా వెయ్యి రూపాయలని ఉంటుంది. నవ్వుకోకండి. వెయ్యి అంటే పని ఆగింది గానీ చావలేదని అర్థం. పేరు ఉంటే రేపు డబ్బు వేయొచ్చు, పేరే పోతే మళ్ళీ మొదటి నుంచీ రావాలి. పాతికేళ్ళలో పార్టీలు మారాయి, ఎంపీలు మారారు. కోనసీమ లైను పేరు మాత్రం జాబితాలోంచి పోలేదు. ఎవరో ఒకరు ప్రతి బడ్జెట్ ముందూ అడుగుతూనే ఉన్నారు కనుక పోలేదు. అలా అడుగుతూ ఉండడానికి శిలాఫలకం ఉండదు.

జనం ఊరుకోకపోతే ఏమవుతుందో నిజామాబాద్ చూపించింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ 185 మంది పోటీ చేశారు. అందులో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండేసి ఓటింగ్ యంత్రాలు వరసగా పెట్టాల్సి వచ్చింది. అడిగింది పసుపు బోర్డు, గిట్టుబాటు ధర. బోర్డు కేంద్ర వాణిజ్య శాఖ చేతిలోని పని, అంటే అచ్చంగా ఎంపీ పని. అప్పటి ఎంపీ ఓడిపోయారు. బాండు పేపరు మీద హామీ రాసిచ్చిన అభ్యర్థి గెలిచారు. 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు నోటిఫికేషన్ వచ్చింది. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా బోర్డు మొదలైంది. ధర సంగతి మార్కెట్ యార్డులో ఇంకా నలుగుతూనే ఉంది. అయినా ఒక నియోజకవర్గం కమ్యూనిటీ హాలు అడగకుండా దేశ స్థాయి సంస్థను అడిగి తెచ్చుకుంది. ఆ రైతుల్లో ఎవరికీ డిపాజిట్లు దక్కలేదు. వాళ్ళు పోటీ చేసింది డిపాజిట్ కోసం కాదులెండి.

జిల్లాలోనే ఎంపీ చేతిలో ఇంకో పెద్ద పని ఉంది, దాని ఊసే వినపడదు. దిశ కమిటీ. మహిళల రక్షణ కోసం మన దగ్గర వచ్చిన దిశ వేరు, ఇది వేరు. 2016లో కేంద్రం ప్రతి జిల్లాకూ పెట్టిన సమన్వయ పర్యవేక్షణ కమిటీ ఇది. ఎంపీ అధ్యక్షుడు, కలెక్టరు కార్యదర్శి. ఉపాధి హామీ, గ్రామ సడక్, ఇళ్ళు, తాగునీటి పథకం, మధ్యాహ్న భోజనం, ఇలా కేంద్రం డబ్బు పడే పథకాలన్నీ దీని ముందుకు రావాలి. మూడు నెలలకోసారి సమావేశం జరగాలి. ఒక జిల్లాలో ఈ పథకాల మీద నడిచే డబ్బు ముందు ఐదు కోట్లు ఎక్కడ? ఉపాధి కూలీలకు వేతనాలు ఎందుకు ఆగాయో ఆ బల్ల దగ్గర అడగాలి. సమావేశం జరిగిందా లేదా, జరిగితే ఏం తేలింది అని జిల్లా విలేకరులు రాస్తే బాగుంటుంది. ఎంపీ జన్మదిన వేడుకల ఫొటోకు ఇచ్చే చోటులో సగం చాలు.

ఇక అర్జీ సంగతి. వీధి దీపం పంచాయతీది, రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం రాష్ట్ర ప్రభుత్వానివి. ఎంపీ దగ్గరికి వాటితో వెళ్తే ఆయన పీఏ మర్యాదకి కాగితం తీసుకుంటాడు, అంతే. జాతీయ రహదారి మీద అండర్‌పాస్, రైలుకు హాల్టు, పీఎఫ్ పింఛను, పాస్‌పోర్టు, పోస్టాఫీసు, నూనె గింజల దిగుమతి సుంకం, గల్ఫ్‌లో చిక్కుకున్న మన మనిషి, ఇవి కేంద్రం పనులు. కరీంనగర్, నిజామాబాద్, కడప, అమలాపురం ఎంపీల కార్యాలయాల్లో గల్ఫ్ బాధితుల ఉత్తరాలు ఎప్పుడూ ఉంటాయి. అక్కడ విదేశాంగ శాఖకు ఎంపీ రాసే ఒక్క ఉత్తరం విలువ ఐదు కోట్ల కంటే ఎక్కువ, ఆ కుటుంబానికి. పెద్ద జబ్బు వస్తే ప్రధానమంత్రి సహాయ నిధికి ఎంపీ సిఫారసు ఉత్తరం ఇప్పటికీ పనికొస్తుంది. ఒకప్పుడు టెలిఫోన్ కనెక్షన్, గ్యాస్ కనెక్షన్ కూపన్లకు ఎంపీ ఇంటి ముందు క్యూలుండేవి. మొన్నమొన్నటి దాకా కేంద్రీయ విద్యాలయాల్లో ఎంపీకి పదేసి సీట్లుండేవి. 2022లో ఆ కోటా తీసేశారు. పది సీట్లకు వేలమంది అడిగితే పదిమంది మిత్రులు, మిగతా అందరూ శత్రువులు. పోయినందుకు ఊపిరి పీల్చుకున్న ఎంపీలే ఎక్కువ ఉండాలి.

అర్జీ ఒక్క పేజీ రాయండి. ఒక్క సమస్యే రాయండి. ఏ శాఖ, ఏ పథకం, ఏ సంవత్సరం మంజూరు, ఇప్పటిదాకా ఏం జరిగింది, పాత ఉత్తరాల నంబర్లు, ఇవి ఉంటే ఆ కాగితమే సగం ప్రశ్నగా తయారై ఉంటుంది. సమావేశాలకు నెల ముందే ఇవ్వండి. ప్రశ్నకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు కావాలి కనుక సభ మొదలయ్యాక ఇచ్చే అర్జీ తర్వాతి సమావేశాల దాకా ఆగాల్సి రావచ్చు. ఇచ్చి ఊరుకోకండి. పార్లమెంటు వెబ్‌సైటులో ప్రతి సభ్యుడు అడిగిన ప్రశ్నలూ వాటికి వచ్చిన జవాబులూ పేరువారీగా ఉంటాయి. ఊళ్ళో కాలేజీకి వెళ్ళే పిల్లలుంటే పది నిమిషాల్లో తీసి చదివి పెడతారు.

ఈసారి మీ ఎంపీ ఊరికి వస్తే దండ వేయండి, శాలువా కప్పండి, కావలసిన బడి గదీ అడగండి. దాంతోపాటు మీ సమస్య మీద సభలో వేసిన ప్రశ్న నంబరు ఎంతో కూడా అడిగి రాసుకోండి.